ముందుకు ఆరు వాట్లు, వెనక్కి ఒకటిన్నర

ఫిబ్రవరి రెండో తేదీ, ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఆదిలాబాద్ నుంచి రాధాబాయి ఫోన్ చేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు.

"పెద్దమ్మా, నా సెట్టు ఆరు వాట్లు ఇస్తున్నదట. నేను దొంగనట," అంది.

ఎవరు కొలిచారని అడిగాను. చెప్పింది. ఏ మీటరుతో అని అడిగాను. చెప్పింది. మీటరులో ఎలిమెంటు తిప్పి రెండోవైపు కూడా చూశారా అని అడిగాను. "రెండో దిక్కంటే ఏంది పెద్దమ్మా?" అంది.

ఈ రాత అంతా ఆ రెండో దిక్కు గురించే. రేడియో కొలతల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుకుంటారని రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, రావలసినవి ఎందుకు రాలేదో ఇక్కడ ఉండదు. వాటితో మీకు ఉపయోగం లేదు.

నా పని ఏమిటంటే

శ్రీరాంపూర్‌లో బొగ్గు గనుల వర్క్‌షాపులో, రేడియో సెట్లు బాగుచేసే గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. ఓపెన్‌కాస్టులో, అంటే పైన తెరిచి ఉన్న గనిలో, తిరిగే డంపరు లారీలకు, గని ఆఫీసుకు మధ్య మాటలు నడిచేది ఆ సెట్ల మీదే. సెట్టు బాగైందో లేదో చెప్పడానికి ముందు చూసేది ఒక్కటే, దాని నుంచి ఎన్ని వాట్ల శక్తి బయటికి పోతోంది అని. అది చెప్పే పరికరం వాట్‌మీటర్. సెట్టుకూ యాంటెన్నాకూ మధ్య కేబుల్లో దాన్ని పెడతాం. యాంటెన్నా లేనిచోట డమ్మీ లోడ్ తగిలిస్తాం. అది ఉత్త రెసిస్టరు. వచ్చిన శక్తినంతా వేడిగా మార్చుకుని ఊరుకుంటుంది.

నాకు సొంతంగా అమెచ్యూర్ రేడియో లైసెన్సు కూడా ఉంది. రిటైరయ్యాక కరీంనగర్‌లో మేడ మీది గదిలో బల్ల వేసుకున్నాను. ఈ చుట్టుపక్కల సరదాకు రేడియో నడిపేవాళ్లు, అంటే హామ్‌లు, సెట్లు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. పదిమందిలో ఏడుగురి సెట్టులో ఏ లోపమూ ఉండదు. లోపం కొలతలో ఉంటుంది.

భూమయ్య సార్, డంపరు

నా మొదటి అధికారి భూమయ్య సార్. ఆయన ఏ మీటరునూ చూసీ చూడగానే నమ్మేవాడు కాదు. సూది ఎక్కడ నిలబడినా ముందు డమ్మీ లోడ్ మీద చెయ్యి పెట్టి, వెచ్చబడిందో లేదో చూసి, అప్పుడు కళ్లజోడు పెట్టుకునేవాడు.

ఒకసారి ఒక డంపరు సెట్టు వచ్చింది. గని అడుగు నుంచి డ్రైవరు మాట ఆఫీసుకు అందడం లేదని ఫిర్యాదు. బల్ల మీద పెట్టి, డమ్మీ లోడ్ తగిలించి చూశాను. ఇరవై ఐదు వాట్లు. ఇవ్వవలసింది ఇరవై ఐదే. బాగుందని రాసి పంపాను. నాలుగు రోజులకు అదే సెట్టు తిరిగి వచ్చింది. మళ్లీ ఇరవై ఐదే. మూడోసారి డ్రైవరు రాజలింగు తానే పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"మేడం, మీ బల్లకు మొక్కుకోవాలె. గీడ బతుకుతది, బండెక్కంగనే సస్తది," అన్నాడు.

గదిలో అందరూ నవ్వారు. భూమయ్య సార్ నవ్వలేదు. "మీటరు తీస్కొని బండి కాడికి పో బిడ్డా. సెట్టు పనిచేసేది బల్ల మీద కాదు గద," అన్నాడు.

వెళ్లాను. డంపరులోనే సెట్టుకూ యాంటెన్నాకూ మధ్య మీటరు పెట్టాను. ముందుకు పోయేది ఇరవై ఐదు చూపింది. మా మీటర్లలో ఎలిమెంటు అని ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది. దాని మీద బాణం గుర్తు ఉంటుంది. బాణం యాంటెన్నా వైపు ఉంటే పోయే శక్తిని, తిప్పి సెట్టు వైపు పెడితే తిరిగి వచ్చే శక్తిని చూపుతుంది. తిప్పాను. ఇరవై చూపింది. అంటే యాంటెన్నాలోకి పోతున్నది ఐదే వాట్లు. సీటు కింద కేబుల్ నలిగి లోపలికి నీళ్లు పోయాయి. ఇరవై వాట్లు అక్కడికి వెళ్లి వెనుదిరిగి వస్తున్నాయి.

ఇందులో ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆడవాళ్లను గనిలోకి పంపనని అప్పటిదాకా భూమయ్య సార్ పట్టుబట్టేవాడు. మొదటిసారే నన్ను బండి దగ్గరికి పోనిచ్చి ఉంటే ఆ సెట్టు మూడుసార్లు వచ్చేది కాదు. మంచి గురువు. అధికారిగా మాత్రం ఆయనకు నేను సగం మార్కులే వేస్తాను.

హలో అంటే ముప్పై

పెద్దపల్లిలో రైసుమిల్లు నడిపే మల్లేశం అని ఒక హామ్ ఉన్నాడు. వంద వాట్ల సెట్టు కొని, వారానికే బస్తాలో పెట్టుకుని వచ్చాడు. అమ్మినవాడు మోసం చేశాడని, ముప్పై వాట్లకు మించి రావడం లేదని ఒకటే గొడవ. కొలిచి చూపించమన్నాను. మైకు నోటి దగ్గర పెట్టుకుని హలో హలో అన్నాడు. సూది ముప్పై దగ్గర ఊగింది.

ఆయన సెట్టులో మాట ఉన్నప్పుడే శక్తి పుడుతుంది. మాట గట్టిపడితే పెరుగుతుంది, మాటకూ మాటకూ మధ్య సున్నా అవుతుంది. సూది అంత వేగంగా పరుగెత్తలేదు కాబట్టి ఆ ఎత్తుపల్లాలన్నిటికీ సగటు చూపి ఊరుకుంటుంది. మాటకు బదులు ఈల వేయమన్నాను. ఆయన మిల్లులో హమాలీలను పిలిచే ఈల ఒకటి వేశాడు. సూది వందకు పోయి నిలబడింది.

"అంటే నా మాటకు ముప్పై, సీటికి వందనా?" అన్నాడు.

"సీటి ఆగకుండ వస్తది. మీరు మాట్లాడేటప్పుడు నడుమ నడుమ ఊపిరి తీసుకుంటరు గద," అన్నాను.

ఆయన అమ్మినవాడికి ఫోన్ చేసి రాజీ అయ్యాడు. ఇది నవ్వులాట కాదు. చాలామంది ఆ ముప్పైని వంద చేయాలని మైకు బటన్ చివరిదాకా తిప్పేస్తారు. మాట చిట్లిపోయి పక్క స్టేషన్ల మీద పడుతుంది. మీటరు ఏ ప్రశ్నకు జవాబిస్తోందో తెలుసుకోకుండా సెట్టు మీద చెయ్యి వేయకండి.

రాధాబాయి

ఇక ఆ ఆదివారం దగ్గరికి వస్తాను.

రాధాబాయి ఆదిలాబాద్‌లో బట్టలు కుడుతుంది. భర్త దుబాయిలో ఉంటాడు. ఇంట్లో అత్త ఇందిరాబాయి, ఈమె. లైసెన్సు పరీక్షకు ఫోన్లో చదివించింది నేనే. మాటతో కాదు, చుక్కలు గీతలతో నడిచే మోర్స్ సెట్టు ఒకటి తన చేత్తో కట్టుకుంది. ఒక్క ట్రాన్సిస్టరు మీద నడిచే చిన్న సెట్టు, శక్తి పెంచడానికి బటన్ కూడా లేదు. ఇంటి మీద వెదురు బొంగు కట్టి యాంటెన్నాగా తీగ లాగింది. సెట్టు నుంచి తీగ దాకా కేబుల్ టీవీవాళ్లు వదిలేసి పోయిన నల్ల వైరు వేసింది.

మా క్లబ్బులో ప్రతి చలికాలం తక్కువ శక్తి పోటీ పెడతాం. యాంటెన్నాలోకి ఐదు వాట్లకు మించి పంపకూడదు. ఎవరు ఎక్కువ దూరాలు, ఎక్కువ స్టేషన్లు పలకరిస్తే వాళ్లది మొదటి స్థానం. ఈ ఏడు రాధాబాయి అందరికంటే ముందుంది. మొదట వచ్చినవాళ్ల ఇంటికి క్లబ్బు కార్యదర్శి స్వయంగా వెళ్లి సెట్టు కొలవడం మా ఆచారం.

కార్యదర్శి ప్రభాకర్. కరీంనగర్‌లో గ్రానైటు వ్యాపారం. చెడ్డవాడు కాదు. క్లబ్బు కోసం ఎండల్లో స్తంభాలు ఎక్కినవాడు. ఆయన దగ్గర విదేశం నుంచి తెప్పించుకున్న వాట్‌మీటరు ఉంది, జిల్లాలో అంతకన్నా మంచిది లేదు. శనివారం వెళ్లి రాధాబాయి సెట్టుకూ యాంటెన్నాకూ మధ్య అది పెట్టాడు. ఆరు పాయింట్ రెండు చూపింది. అత్త ఎదుటే అన్నాడట, నియమం తప్పి గెలిచినవాళ్లను క్లబ్బులో ఉంచుకోలేమని. వచ్చే ఆదివారం మేమంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుసుకునే నెట్‌లో పేరు తీసేస్తున్నట్టు ప్రకటిస్తానని చెప్పి వచ్చాడు.

"పేరు పోతే పోనీ అనుకుందునేమొ పెద్దమ్మా. కని అత్త బొంగు దించేస్త అంటున్నది. దొంగ పేరు మోసే తీగ మా ఇంటి మీద వద్దంటున్నది," అంది రాధాబాయి.

తీగ దిగితే ఆమె రేడియో అక్కడితో ఆగిపోతుందని నాకు తెలుసు.

ప్రభాకర్‌కు ఫోన్ చేసి, గురువారం ఆదిలాబాద్ వస్తున్నాను, మీరూ రండి, మీ మీటరే తీసుకురండి అన్నాను. కారులో తీసుకెళ్తానన్నాడు. వద్దన్నాను. ఆ ఇంటి ముందు నేను ఆయన కారులోంచి దిగితే నేనూ ఆయన పక్షమేనని రాధాబాయి అనుకుంటుంది. పొద్దున మొదటి బస్సు ఎక్కి, సామాను పెట్టె ఒళ్లో పెట్టుకుని వెళ్లాను.

తిప్పి చూస్తే

నేను వెళ్లేసరికి ప్రభాకర్ బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇందిరాబాయి ఆయనకు చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

మీటరు ఆయన చేతులతోనే పెట్టించాను. రాధాబాయి మోర్స్ మీట నొక్కింది. ఆరు పాయింట్ రెండు. శనివారం ఆయన చూసింది తప్పు కాదు. ఇప్పుడు ఎలిమెంటు తిప్పమన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి తిప్పాడు. ఒకటి పాయింట్ ఐదు.

ఆరు పాయింట్ రెండులోంచి ఒకటి పాయింట్ ఐదు తీసేస్తే నాలుగు పాయింట్ ఏడు. టీవీ వైరు సెట్టుకు కుదరక, తీగ పొడవు కుదరక, పోయినదాంట్లో అంత వెనక్కి వస్తోంది.

ప్రభాకర్ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి ఆయన చెప్పిన కారణం కూడా తెలివితక్కువది కాదు.

"వెనక్కొచ్చింది సెట్టు కాడ తాకి మళ్ల ముందుకే పోతది గదక్కా. మరి ఆరే అయితది," అన్నాడు.

"పోతది సార్. అట్ల మళ్ల పోయింది గూడ మీ ఆరుల కలిసే ఉన్నది. బస్సు దిగి మళ్ల ఎక్కినోన్ని కండక్టరు ఇద్దరని రాసుకుంటడా?"

ఆయన నమ్మినట్టు లేదు. మీరు లెక్క చెప్తున్నారు, మీటరు ఆరు చూపుతోంది అన్నాడు. నాకు కోపం రాలేదు. లెక్కకూ మీటరుకూ పేచీ వచ్చినప్పుడు రెండింటినీ పక్కన పెట్టి మూడో సాక్షిని పిలవాలి. భూమయ్య సార్ ఏడాదికోసారి మా మీటర్లన్నిటినీ అలాగే పరీక్షించేవాడు. ఆ సాక్షి వేడి.

పల్లినూనె

పద్ధతి ఇది. డమ్మీ లోడ్‌ను స్టీలు గ్లాసులో నూనెలో ముంచి, గ్లాసును థర్మోకోల్ డబ్బాలో పెట్టాలి. ముందు మామూలు బ్యాటరీతో ఆ లోడ్‌లోకి సరిగ్గా ఐదు వాట్లు పంపాలి. బ్యాటరీ వోల్టులూ ఆంపియర్లూ ఏ కరెంటు పనివాడి మీటరయినా చెప్తుంది, వాటిని గుణిస్తే వాట్లు. పది నిమిషాల్లో నూనె ఎన్ని డిగ్రీలు వేడెక్కిందో చూడాలి. తర్వాత అంతే తూకం చల్లటి నూనె పోసి, సెట్టును తగిలించి పది నిమిషాలు చూడాలి. నూనె ఎక్కువ వేడెక్కితే ఆమె నియమం తప్పినట్టు, తక్కువ వేడెక్కితే తప్పనట్టు. ఇందులో ముందుకూ వెనక్కీ ఏమీ లేవు.

నేను కరీంనగర్ నుంచి కొబ్బరినూనె తెచ్చుకున్నాను. సంచి విప్పితే సీసాలో నెయ్యిలా గడ్డకట్టి ఉంది. ఆదిలాబాద్ చలిని మరిచిపోయాను. ఇందిరాబాయిని పల్లినూనె అడిగాను. డబ్బా తెచ్చి పెట్టి, గ్లాసులోకి వైర్లు దిగడం చూసింది.

"బజ్జీలేస్తవా అక్కా?"

"వేగినంక చెప్త," అన్నాను. ఆ ఇంట్లో ఆ రోజు మొదటిసారి రాధాబాయి నవ్వింది.

నూట యాభై గ్రాములు తూచి పోశాను. బ్యాటరీ నుంచి పదిహేను పాయింట్ ఎనిమిది వోల్టులు, పాయింట్ మూడు ఒకటి ఆరు ఆంపియర్లు. గుణకారం ప్రభాకర్ చేత చేయించాను. ఐదు వాట్లు. పది నిమిషాలకు నూనె ఎనిమిది డిగ్రీలు పెరిగింది.

సెట్టు తగిలించే ముందు రాధాబాయిని పక్కకు పిలిచి చెప్పాను. ఈ సెట్టు చుక్కలకూ గీతలకూ కట్టింది, మధ్యలో చల్లబడుతూ ఉంటుంది, పది నిమిషాలు మీట నొక్కి పట్టుకుంటే ట్రాన్సిస్టరు పోవచ్చు అని.

"పోతే పోనియ్ పెద్దమ్మా. కొత్తది ఏస్కుంట," అంది.

మీట నొక్కింది. పది నిమిషాలు వేలు తీయలేదు. నూనె ఏడు పాయింట్ నాలుగు డిగ్రీలు పెరిగింది. ఐదు వాట్లకు ఎనిమిదయితే ఏడు పాయింట్ నాలుగుకు ఎంత? నాలుగు పాయింట్ ఆరు. మీటరు లెక్కకు పాయింట్ ఒకటి తేడా. ఇంటి వసారాలో, నా చేతి సామానుతో అంతకంటే దగ్గరికి రావడం కష్టం.

ప్రభాకర్ థర్మామీటరును తానే చదువుకున్నాడు, రెండుసార్లు. "ఒక్కసారికి నమ్ముడెట్లక్కా?" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. ఆయన స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. ఇంకోసారి చేద్దాం, ఈసారి మీ మీటరు కూడా మధ్యలో పెడదాం అన్నాను. మూడో నూట యాభై గ్రాములు పోశాను. రాధాబాయి మీట నొక్కింది. ఆయన మీటరు నాలుగు పాయింట్ ఆరు చూపింది. ఎలిమెంటు తిప్పాడు. సున్నా. మళ్లీ ముందువైపుకు తిప్పి పెట్టాడు. డమ్మీ లోడ్ ఏదీ వెనక్కి పంపదు కాబట్టి అక్కడ పోయేదే అసలు లెక్క. ఆ మీటరు బంగారంలాంటిది. మొదటి నుంచీ నిజమే చెప్పింది. ఆయన దాన్ని ఒకవైపే అడిగాడు.

ఆరో నిమిషంలో మీటరు సూది జారి సున్నాకు పడిపోయింది. ట్రాన్సిస్టరు కమిలిన వాసన వచ్చింది. రాధాబాయి మీట మీది నుంచి వేలు తీసింది.

ప్రభాకర్ మీటరు విప్పి ఒళ్లో పెట్టుకుని, ఆ బిళ్లను ఇటూ అటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"గీ మీటరు కొని పన్నెండేండ్లాయె. మా ఇంటి మీద యాంటెన్నా అంత సక్కగ కుదిరింది, వెనక్కొచ్చేది ఎన్నడు లేకుండె. తిప్పుడే మర్చిపోయినక్కా," అన్నాడు. తర్వాత లేచి ఇందిరాబాయి దగ్గరికి వెళ్లి, "మీ కోడలు ఏ తప్పు చెయ్యలే. తప్పుగ చూసింది నేను," అన్నాడు.

ఇందిరాబాయి వెంటనే కరగలేదు. "శనివారం గల్లీ అంత ఇనేటట్టు చెప్పినవ్ గద. గిప్పుడు గింత మెల్లగ చెప్తున్నవేంది?" అంది.

ఆదివారం నెట్

తొమ్మిదో తేదీ ఉదయం ఎనిమిది గంటలకు నెట్ మొదలైంది. ప్రభాకర్ నసగలేదు. రాధాబాయి సెట్టు నాలుగు పాయింట్ ఆరు వాట్లని, తాను ఒక్క దిక్కే చూసి ఆరన్నానని, మొదటి స్థానం ఆమెదేనని, ఇక మీద ఎవరింటికి వెళ్లి కొలిచినా రెండు దిక్కులూ రాసుకోవాలని స్పష్టంగా చెప్పాడు. ఆ తర్వాత మంచిర్యాల, జగిత్యాల, నిర్మల్, పెద్దపల్లి, ఒక్కో స్టేషనూ ఆమెను పేరు పెట్టి పిలిచి అభినందించింది. మల్లేశం మాట్లాడలేదు, ఈల వేశాడు. మైకు చిట్లకుండా వేశాడు, అది నేను గమనించాను. సెట్టు కాలిపోయి రాధాబాయి ఎవరికీ జవాబివ్వలేకపోయింది. వేరుగా ఉన్న రిసీవరు ముందు అత్తాకోడళ్లిద్దరూ కూర్చుని అంతా విన్నారు. ఆ మధ్యాహ్నమే ఇందిరాబాయి పాత బొంగు తీయించి దానికంటే ఎత్తుది పాతించింది.

గెలిచింది కదా అని నేను ఊరుకోలేదు. ఆరు పంపితే ఒకటిన్నర వెనక్కి వస్తుంటే దాన్ని యాంటెన్నా అనరని రాధాబాయికి ఫోన్లో గట్టిగానే చెప్పాను. టీవీ వైరు తీయించి సరైన కేబుల్ వేయించి, తీగ కత్తిరించమన్నాను. ఇప్పుడు వెనక్కి వచ్చేది పాయింట్ ఒకటి. అదే సెట్టు, అంతే శక్తి. ఎదుటివాళ్లు మాత్రం బలంగా వినిపిస్తోందంటున్నారు. బలంగా వినిపించడానికి కారణం ఎత్తు బొంగా, కేబులా అని అడిగితే నేను చెప్పలేను. రెండూ ఒకేసారి మార్చింది. ఒకసారికి ఒకటే మార్చాలని ఇంకా నేర్చుకోవాలి. నేర్చుకుంటుంది.

ఈ వ్యవహారంలో పోయినవి: ట్రాన్సిస్టరు ఒకటి. తిరుగు బస్సులో పగిలిన నా థర్మామీటరు ఒకటి. కొత్త ట్రాన్సిస్టరు వచ్చేదాకా రాధాబాయి మాట లేకుండా కూర్చున్న రోజులు పదకొండు. మా క్లబ్బుకు ఒక కార్యదర్శి, ఎంత చెప్పినా వినకుండా ఆ నెలాఖరుకు రాజీనామా చేశాడు. ఇందిరాబాయి పల్లినూనె నాలుగు వందల యాభై గ్రాములు.